రాపిడివలన పుట్టెడి విద్యుత్తు

శీతకాలపు రాత్రి పాలియెస్టరు చొక్కాను గాని ఉన్ని కంబళిని గాని విదిలించునప్పుడు చిటపట ధ్వని వినబడుటయు, చీకటిలో సన్నని మెఱుపులు కనబడుటయు మన మెఱిగినదే. దీనిని గాలి సోకుట యని యెవరైన భయపెట్టినచో, విచారణ లేక తీర్పు చెప్పరాదని మేము మనవి చేయుచున్నాము.

ప్రతి పదార్థమునందును ధన ఋణ విద్యుత్తులు సమముగా నుండును. అందుచే సాధారణముగా వాని జాడ తెలియదు. రెండు భిన్నపదార్థములు అంటుకొని విడిపోవునప్పుడు ఒకదానినుండి కొన్ని ఎలక్ట్రానులు రెండవదానికి పోవును. పోగొట్టుకొన్నది ధనవిద్యుత్తును, పొందినది ఋణవిద్యుత్తును వహించును. కావున రాపిడి విద్యుత్తును సృజింపదు. ఉన్నదానిని విడదీయును, అంతే. లోహమునందైనచో అది సులువుగా ప్రవహించి నేలకు పోవును. ప్లాస్టిక్కునందు చిక్కుకొని నిలుచును. వర్షాకాలమున వస్తువులపై పట్టిన తేమ దానిని జాఱవిడుచును. పొడిగాలిలో అట్లు జరుగదు. చలికాలమున చిటపటలు హెచ్చుటకు కారణ మిదియే.

ఈ గుణమును పూర్వు లెఱుగుదురు. రుద్దినచో గడ్డిపోచలను లాగుకొను అంబరునకు సంస్కృతమున తృణమణి యని పేరు. 1600లో విలియం గిల్బర్టు అను ఆంగ్లవైద్యుడు ఈ యాకర్షణ అంబరునకు మాత్రమే గాక గాజు, గంధకము మున్నగువానికిని కలదని చూపెను.

నస్పూరు వాసులకు ఈ విషయము వినోదమాత్రము కాదు. అచ్చటి శ్రీరాంపూరు ప్రాంతమున సింగరేణి బొగ్గుగను లున్నవి. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను వాయువు గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలిసినప్పుడు ప్రేలును. దానిని అంటించుటకు ఒక మిల్లీజూలులో మూడవవంతు శక్తి కూడ అక్కఱలేదు. మనిషి దేహము సుమారు 3000 వోల్టుల విద్యుత్తును వహించినప్పుడు వ్రేలికొననుండి వెడలు నిప్పురవ్వ అతనికి చీమకుట్టినట్లుగ మాత్రమే తోచును. కాని యందలి శక్తి అంతకు మించియే యుండును. అందువలననే భూగర్భగనులలో బొగ్గు మోయు బెల్టులను విద్యుత్తు నిలువనీయని పదార్థముతో చేయుదురు. డిటొనేటరుల తీగల కొనలను పేల్చువేళవరకు ఒకటిగా మెలిపెట్టి యుంచుదురు.

చదువరులారా, మీ బిడ్డచేత పొడితలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వించి, దానిని కాగితపు తునకలయొద్ద పెట్టించి చూపుడు. కారణ మెఱిగిన బిడ్డ ఇంటిలోని మెఱుపును చూచి భయపడడు. పెరిగి గనిలోనికి దిగిననాడు దానిని అలక్ష్యము చేయడు.