మిరపకాయ ఫొటోకు ఎంత ఎరుపు?

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మన చేలో కాయలు, మీ అమ్మ పట్టించిన కారం ఆన్‌లైన్‌లో అమ్మాలన్న ఆలోచన బాగుంది. కెమెరా కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. నీ ఫోను, ఒక చిన్న ట్రైపాడ్ ఉంటే చాలు.

గుంటూరు యార్డులో వ్యాపారి సరుకు ఎలా చూస్తాడో నీకు తెలుసు. టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు. నొక్కి తేమ చూస్తాడు, విరిచి గింజ చూస్తాడు, రంగు పోయిన తాలు ఎంత కలిసిందో చూస్తాడు. హైదరాబాదులో కూర్చుని ఫోన్లో కొనే ఆవిడకి ఆ వీలు లేదు. వ్యాపారి చేత్తో తెలుసుకునేదంతా ఆవిడకి నీ ఫొటోలే చెప్పాలి. అందుకే ఒక్క ఫొటోతో సరిపెట్టకు. కాయల కుప్ప, స్కేలు పక్కన ఒక్క కాయ, విరిచిన కాయలో గింజలు, చెంచాలో కారం తీసి పెట్టు. ప్యాకెట్ వెనకవైపు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, బరువు, తేదీ చదవగలిగేలా ఇంకొకటి తియ్యి. తేజ రకం కాయ ఫొటో పెట్టి సన్నం రకమని రాయకు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. పైగా తెలిసినవాళ్లు కాయ చూడగానే పట్టేస్తారు.

నీ ఫొటోల్లో అసలు లోపం ఎండ. కాయ కల్లంలో ఎండాలి గానీ ఫొటోకి ఎండ పనికిరాదు. ఎండలో ఎరుపు హద్దు దాటిపోతుంది. కాయ మీది ముడతలు, మెరుపు అన్నీ కలిసిపోయి ఎర్రటి మచ్చే మిగులుతుంది. ఒకసారి అలా పోయిన వివరం ఏ యాప్‌లోనూ తిరిగి రాదు. ఉదయం పూట కిటికీకి తెల్ల పంచె కట్టి, ఆ పక్కన బల్ల మీద తెల్ల చార్టు పరిచి తియ్యి. కిటికీకి ఎదురుగా థర్మాకోల్ షీటు నిలబెడితే నీడలు తేలికపడతాయి. ట్యూబ్‌లైటు ఆర్పెయ్యి, రెండు రకాల వెలుతురు కలిస్తే రంగు సరిచేయడం కష్టం. ఫోన్లో కాయ మీద తాకి, వెలుతురు కాస్త తగ్గించి నొక్కు.

ఇక ఎడిటింగ్. కాయల పక్కన తెల్ల కాగితం పెట్టి మొదటి ఫొటో తియ్యి. స్నాప్‌సీడ్‌లో వైట్ బ్యాలెన్స్ తెరిచి, ఆ కాగితం మీద గుర్తు పెడితే రంగు దారిలోకి వస్తుంది. ఆ మార్పును లుక్‌గా సేవ్ చేసి మిగతా ఫొటోలన్నిటికీ వాడు. అమెజాన్‌లో మొదటి ఫొటోకి వెనక అంతా స్వచ్ఛమైన తెలుపు ఉండాలి, సరుకు ఫ్రేములో 85 శాతం నిండాలి, ఫొటో మీద అదనంగా రాతలు ఉండకూడదు. తెలుపు బూడిదరంగుగా వచ్చిందని మొత్తం వెలుతురు పెంచితే కాయ పాడవుతుంది. వెనకభాగం వరకే పెంచు.

శాచురేషన్ జోలికి మాత్రం పోకు. 2003లో మన దేశపు కారంలో సూడాన్ అనే కల్తీ రంగు బయటపడిందని యూరప్ కట్టడి పెట్టింది. మరీ ఎర్రగా ఉన్న కారాన్ని చూసి రంగు కలిపారేమోనని అనుమానించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నువ్వు అందం కోసం పెంచిన ఎరుపే నీ సరుకుకి మచ్చ తెస్తుంది. తాలు కాయల్ని ఎడిటింగ్‌లో చెరిపెయ్యకు, ఫొటో తీసేముందే ఏరెయ్యి. ప్యాకెట్‌లో వేసేదీ ఆ ఏరిన కాయలే కావాలి. సరుకు ఫొటోలో ఎలా ఉందో అలాగే చేతికి అందాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలూ చెబుతున్నాయి. వచ్చిన ప్యాకెట్‌ని ఫోను పక్కన పెట్టి చూసుకునే మనిషి కోసమే నువ్వు ఎడిట్ చేస్తున్నావనుకో. రంగు తేడా ఉంటే సరుకు వెనక్కి వస్తుంది, రానూపోనూ ఖర్చు నీ నెత్తినే పడుతుంది.

ఈ వారం తేజ కాయ ఒక్కటే తియ్యి. ఎడిట్ చేయనిదీ చేసినదీ రెండూ పంపు. ఆ కాయలే ఒక గుప్పెడు పొట్లం కట్టి మీ నాన్నతో ఇచ్చి పంపు. పక్కన పెట్టి చూసి, ఎక్కడ సరిచేయాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య