ఎథనాల్ పెట్రోలు: లాభమెంత? ఖర్చెంత?



మన సోలాపూర్ జిల్లాలో చక్కెర కార్ఖానాలు ఎక్కువ. చెరకు నుంచి తీసే ఎథనాల్ ఇప్పుడు మీ నాన్నగారి బండిలో పోసే పెట్రోలులోనూ ఉంటుంది. ఇది దేశానికి మేలని కొందరు, బండికీ నీటికీ చేటని కొందరు వాదిస్తున్నారు. ఏదో ఒక పక్షం పట్టే ముందు లెక్క చూద్దాం.

ఎథనాల్ ఎలా తయారవుతుంది?

ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను పులియబెట్టి ఎథనాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ ద్రవాన్ని స్వేదనం చేసి, మిగిలిన నీటిని తొలగిస్తే పెట్రోలులో కలపడానికి పనికివస్తుంది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుంచి, నేరుగా చెరకు రసం నుంచి, మొక్కజొన్న, బియ్యం వంటి ధాన్యాల నుంచి కూడా దీనిని తీస్తారు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలైంది. 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది.

లాభాలు

1. మన ముడి చమురులో 80 శాతానికి పైగా విదేశాల నుంచి వస్తుంది. ఎథనాల్ కలిపినంత మేర ఆ ఖర్చు తగ్గుతుంది.
2. కార్ఖానాలకు డబ్బు త్వరగా అందితే, చెరకు రైతుల బాకీలు తీర్చడం సులభమవుతుంది.
3. ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వల్ల ఇంధనం బాగా మండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది.

ఖర్చులు

1. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. 20 శాతం మిశ్రమం కోసం తయారుకాని ద్విచక్ర వాహనాల మైలేజీ 3-4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది.
2. చెరకు పంట నుంచి లెక్కిస్తే లీటరు ఎథనాల్‌కు సుమారు 2,860 లీటర్ల నీరు కావాలని అదే నివేదిక చెప్పింది.
3. ధాన్యం ఇంధనానికి మళ్లితే ఆహారానికి, కోళ్ల దాణాకు పోటీ పెరుగుతుంది.

ఒక లెక్క

మామూలు పెట్రోలుతో లీటరుకు 50 కి.మీ. నడిచే బండి, 20 శాతం మిశ్రమంతో 48 కి.మీ. నడుస్తుందనుకుందాం. నెలకు 600 కి.మీ. తిరిగితే 12 లీటర్లకు బదులు 12.5 లీటర్లు కావాలి. అందులో పెట్రోలు 10 లీటర్లు, ఎథనాల్ 2.5 లీటర్లు. దేశానికి 2 లీటర్ల పెట్రోలు మిగిలింది. మన ఇంటికి అర లీటరు ఖర్చు పెరిగింది. ఆ ఎథనాల్ పూర్తిగా చెరకుదే అయితే, పొలంలో 7,150 లీటర్ల నీరు ఖర్చయింది. అంటే 200 లీటర్ల పీపాలు 35కు పైనే!

మన ఊరికి దీని సంబంధం

మనది వానలు తక్కువ పడే ప్రాంతం. మంగళవేఢ జొన్న కొద్ది నీటితో పండుతుంది. చెరకుకు ఏడాది పొడవునా తడి కావాలి. భీమా నదిపై ఉన్న ఉజని జలాశయం నుంచే పొలాలకూ, మన నల్లాలకూ, నూలు రంగుల కార్ఖానాలకూ నీరు రావాలి. 2023లో వానలు తగ్గినప్పుడు ఉజని నిండలేదు. ఆ డిసెంబరులోనే కేంద్రం చెరకు రసం నుంచి ఎథనాల్ తీయడంపై ఆంక్షలు పెట్టింది. 2024 ఆగస్టులో వాటిని తొలగించింది.

కాబట్టి "ఎథనాల్ మంచిదా, చెడ్డదా?" అని అడిగితే, "దేని నుంచి తీశారు, ఎవరి నీటితో?" అని ముందు తెలుసుకోవాలి. ఎలాగూ మిగిలే మొలాసిస్‌ను వాడుకోవడం ఒక సంగతి. ఇంధనం కోసమే కరువు నేలలో చెరకు పెంచడం వేరు. పంట వ్యర్థాల నుంచి తీసే దారీ ఉంది. హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఎథనాల్ తీసే కర్మాగారం 2022లో ప్రారంభమైంది. రసాయన శాస్త్రం చదివేవారికి ఈ రంగంలో ఉద్యోగాలూ ఉన్నాయి.

అభ్యాసం

1. మీ ఇంటి బండికి పై లెక్క వేసి, తల్లిదండ్రులకు చూపండి.
2. చెరకు రైతు, మగ్గం కార్మికుడు, కార్ఖానా యజమాని: ఎథనాల్ వల్ల ఒక్కొక్కరికీ వచ్చేదేమిటి, పోయేదేమిటి? పది వాక్యాలలో రాయండి.