నీళ్ళ తనిఖీ ఎవరి పని?



మీ ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గరికి ఒకసారి వెళ్ళండి. ట్యాంకు మీద కొన్ని అక్షరాలు, అంకెలు రాసి ఉంటాయి. ఇంతకు ముందు అవి మనకు గీతల్లాగా కనిపించేవి. ఇప్పుడు చదవగలం. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో అక్కడ రాసి ఉంటుంది. ట్యాంకు కడిగిన తేదీ కూడా రాయాలి. కొన్ని ఊళ్ళలో ఆ తేదీ కొత్తగా ఉంటుంది. కొన్ని ఊళ్ళలో ఎప్పటిదో పాత తేదీ ఉంటుంది. కొన్నిచోట్ల "శుభ్రం చేసిన తేదీ" అని రాసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేసి ఉంటారు.

ఆ తేదీని ఎవరు చూడాలి? చూసి ఎవరిని అడగాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

చిలమత్తూరు మనకు తెలిసిన ఊరే. ఒకపక్క హిందూపురం, లేపాక్షి. ఇంకోపక్క కర్ణాటక. 2022 ఏప్రిల్ దాకా ఈ మండలం అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా కరువు సీమే. అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ అన్ని ఏళ్ళూ పడదు. బావులు ఎండిపోయాయి. బోర్లు లోతుకు పోయాయి.

అందుకే మనం అడిగేది ఒకటే మాట. "నీళ్ళు వచ్చినాయా, లేదా?" వచ్చిన నీళ్ళు మంచివా, కావా అని అడగం. కరువులో పెరిగినవాళ్ళకు నీళ్ళు రావడమే గొప్ప. కానీ ఆ నీళ్ళే బిడ్డకు జబ్బు తెస్తే ఏం లాభం?

కొళాయి దగ్గర ఇద్దరు ఇట్లా మాట్లాడుకుంటారు అనుకుందాం.

"ఏమ్మీ, నీళ్ళు తేటగానే ఉండాయి గదా. వీటికి ఏం పరీక్ష?"

"తేటగా ఉంటే చాలదంట అవ్వా. ఉప్పు నీళ్ళు గూడా తేటగానే ఉంటాయి గదా. నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది."

"మరి ఇవి నోట్లో పోసుకున్నా బాగానే ఉండాయే!"

"నాలుకకు గూడా తెలియని చెడు ఉంటుందంట అవ్వా."

ఆ అమ్మాయి చెప్పింది నిజం. నీళ్ళలో నాలుకకు తెలియని చెడు రెండు రకాలు. ఒకటి భూమిలో నుంచి వస్తుంది. రెండోది మన మురుగులో నుంచి వస్తుంది.

భూమిలో నుంచి వచ్చేది ఫ్లోరైడ్. కొన్ని రాళ్ళలో ఇది ఉంటుంది. రాతి పగుళ్ళలో చాలాకాలం నిలిచిన నీళ్ళలోకి కరిగి వస్తుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో మొదటిసారి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి, వంగిపోతాయి. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్ళు దొరకని చోట కూడా ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు. ఇంకో మాట గుర్తుంచుకోండి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అంతే ఉంటుంది. అనంతపురం జిల్లా పల్లెలకు దూరం నుంచి నీళ్ళు తేవడానికి 1995లో సత్యసాయి పథకం మొదలుపెట్టారు. దానివల్ల 700 పైగా ఊళ్ళకు నీళ్ళు అందాయి. అయినా బోరు నీళ్ళు తాగే ఊళ్ళు ఉన్నాయి. అక్కడ ఏడాదికి ఒకసారైనా ఈ పరీక్ష జరగాలి.

రెండోది మురుగు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. ఫ్లోరైడ్ ఏళ్ళమీద దెబ్బ తీస్తుంది. మురుగు ఒక్క రోజులో ప్రాణం తీస్తుంది.

ఈ సంగతి ఎట్లా బయటపడింది? 1854లో లండన్ పట్నంలో ఒక పేటకు కలరా వచ్చింది. 600 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని అప్పట్లో అనుకునేవాళ్ళు. జాన్ స్నో అనే డాక్టరు ఆ మాట నమ్మలేదు. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాడు. "మీరు ఏ నీళ్ళు తాగుతారు?" అని అడిగాడు. ఎక్కువమంది ఒకే బోరింగు పేరు చెప్పారు. ఆ బోరింగు పిడిని సెప్టెంబరు 8న తీయించారు.

తరువాత అక్కడ తవ్వి చూశారు. పక్క ఇంట్లో ఒక పసిబిడ్డకు విరేచనాలు అయ్యాయి. తల్లి ఆ గుడ్డలు జాడించి, నీళ్ళను ఇంటి మురుగు గుంతలో పోసింది. గుంత ఇటుకలు పాడైపోయి ఉన్నాయి. ఆ గుంతకూ బోరింగు బావికీ మధ్య మూడడుగులు కూడా లేదు. ఆ తల్లిది తప్పు అనలేం. గుంతలో పోయకపోతే ఎక్కడ పోస్తుంది? ఆ గుంతను ముందే చూడవలసినవాళ్ళు చూడలేదు. అదీ తప్పు.

అది పాతకాలం, పరాయి దేశం అనుకోకండి. 2018 మార్చిలో మన గుంటూరు నగరంలోనే తాగునీటిలో మురుగు కలిసింది. ఆ నీళ్ళు తాగి జనం వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు.

గొట్టం లోపలికి మురుగు ఎట్లా పోతుంది? గొట్టం నిండా నీళ్ళు తోసుకుంటూ వస్తున్నప్పుడు పోదు. చిల్లి ఉంటే నీళ్ళే బయటికి కారుతాయి. మన ఊళ్ళలో కొళాయి రోజంతా రాదు. గంటో, రెండు గంటలో వస్తుంది. ఆగిపోగానే గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు చిల్లిలో నుంచి బయటి నీళ్ళు లోపలికి పోతాయి. గొట్టం మురుగు కాలువలో నుంచి పోతూ ఉంటే ఆ బయటి నీళ్ళు మురుగే. మరుసటి రోజు మొదట వచ్చే బిందెలో అదే ఉంటుంది.

కొళాయికి మోటారు పెడితే ఇంకా అన్యాయం. పిల్లలు గొట్టంతో ఎళనీరు తాగుతారు కదా. ఆ గొట్టానికి చిల్లి పడితే గాలి కూడా లోపలికి వస్తుంది. మోటారు కూడా అట్లాగే గొట్టాన్ని పీలుస్తుంది. చిల్లి మురుగులో ఉంటే మురుగును పీలుస్తుంది. మోటారు పెట్టినవాళ్ళకు నీళ్ళు ఎక్కువ వస్తాయి, మురుగూ వస్తుంది. పక్క ఇళ్ళకు నీళ్ళే రావు. మోటారు పెట్టేది ఎక్కువగా డబ్బున్న ఇళ్ళవాళ్ళు, హోటళ్ళవాళ్ళు. పంచాయతీవాళ్ళు వచ్చి మోటారు తీయిస్తే వాళ్ళకు కోపం వస్తుంది. రానీయండి.

మనం చేసే తప్పు కూడా ఒకటి ఉంది. నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఇంటిముందు గుంత తవ్వి కొళాయిని కిందికి దించుతాం. బిందె గుంతలో పెట్టి పడతాం. ఒలికిన నీళ్ళు, కడుగు నీళ్ళు ఆ గుంతలోనే నిలుస్తాయి. కుక్కలు తాగుతాయి, దోమలు పెరుగుతాయి. కొళాయి మూతి ఆ నీళ్ళలో మునుగుతుంది. నీళ్ళు ఆగగానే ఆ గుంత నీళ్ళు గొట్టంలోకి పోతాయి. వీధిలో ఒక్క ఇంట్లో గుంత ఉన్నా చాలు. ఆ వీధి అందరికీ ముప్పే.

అందుకే తనిఖీ కావాలి. తనిఖీ అంటే తాగే నీళ్ళూ మురుగు నీళ్ళూ కలిసే చోటు ఏదో వెతకడం. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తాగునీళ్ళు, మురుగు కాలువలు చూసే బాధ్యత గ్రామ పంచాయతీది. పట్నంలో అయితే మున్సిపాలిటీది. గొట్టాలు, బోర్లు, ట్యాంకుల పని తెలిసిన ఇంజనీర్లు గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఉంటారు. వాళ్ళు ఇంటికి వస్తే లోపలికి రానీయండి. ముందు గుర్తింపు కార్డు చూపమనండి. చదవండి. ఏం చూశారో, ఏం బాగు చేయమన్నారో కాగితం మీద రాసిమ్మనండి.

ఇంటివాళ్ళు కూడా కొన్ని చూసుకోవాలి. మరుగుదొడ్డి గుంత బోరుకు, బావికి కనీసం పది మీటర్లు, అంటే 33 అడుగులు దూరం ఉండాలి. రాతి పగుళ్ళ నేలలో ఇంకా ఎక్కువ దూరం మంచిది. కొత్త బోరు వేయించేవాళ్ళు కూడా ఒకటి తెలుసుకోవాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. హోటలు, టీ అంగడి పెట్టుకున్న అక్కలు గ్లాసులు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూడండి. వీధి కొళాయి వైపు పోతుంటే దారి మార్చండి. ఇంకుడు గుంత తవ్వించండి.

సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని లోపలికి దించకండి. లోపల విషవాయువు ఉంటుంది. దిగినవాడు అరిచేలోపే పడిపోతాడు. వాడిని తీయబోయినవాడూ పోతాడు. అట్లా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. పీల్చే మోటారు బండిని పిలిపించండి.

ఇక ట్యాంకు దగ్గరికి వద్దాం. ట్యాంకును నెలకు రెండుసార్లయినా కడగాలి. నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు కలపాలి. ఎంత? వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. మీ ఊరి ట్యాంకు మీద 40,000 లీటర్లు అని ఉందనుకోండి. 40ని రెండున్నరతో గుణించండి. 100 గ్రాములు. 60,000 అయితే? మీరే లెక్క వేయండి. పౌడరును బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట తరువాత నీళ్ళు వదలాలి. పౌడరు సంచి మూతి విప్పి పెడితే దాని పస పోతుంది. వాసన లేని పౌడరు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

క్లోరిన్ చివరి ఇంటిదాకా చేరిందా? దీనికి చిన్న పరీక్ష ఉంది. చిన్న సీసాలో కొళాయి నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తారు. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. ట్యాంకు దగ్గర పసుపు వచ్చి, చివరి ఇంట్లో రంగు రాకపోతే అనుమానించాలి. దారిలో ఎక్కడో మురుగు కలిసి క్లోరిన్ ఖర్చయిపోయి ఉండవచ్చు. అప్పుడు గొట్టం వెంట నడుస్తూ వెతకాలి. ఇంకో సీసా ఉంది. అందులో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. నల్లబడితే ఆ నీళ్ళలో మలం క్రిములు ఉన్నట్టు అనుమానం. ఈ సీసా పరీక్షను 1982లో మన దేశంలోనే కనిపెట్టారు.

ఈ పరీక్షలు చేయడానికి పెద్ద చదువు అక్కరలేదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు ఈ పరీక్షలు నేర్పాలని పెట్టారు. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరు? పరీక్షపెట్టె ఎక్కడ ఉంది? పంచాయతీ ఆఫీసులో అడగండి. పెట్టె బీరువాలో ఉండి తాళం వేసి ఉంటే తీయించండి. మందు సీసా మీద గడువు తేదీ ఉంటుంది. అది కూడా చదవండి.

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్ళలో వాంతులు, విరేచనాలు మొదలైతే తనిఖీ కోసం ఎదురు చూడకండి. అదే రోజు ఆశ కార్యకర్తకు, పంచాయతీకి చెప్పండి. ఆ కొళాయి నీళ్ళు తాగడం ఆపండి. వేరే నీళ్ళు తెచ్చుకుని, బాగా మరిగించి తాగండి.

నోటిమాటగా చెబితే "చూస్తాంలే అమ్మా" అంటారు. కాగితం ఇస్తే జవాబు చెప్పాలి. గ్రామసభలో కూడా ఇవ్వవచ్చు. చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. అర్జీ ఇట్లా రాయవచ్చు:

గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి,
చిలమత్తూరు.

అయ్యా / అమ్మా,

మేము ............ వీధిలో ఉంటున్నాము. మా వీధిలో కొళాయి గొట్టం మురుగు కాలువలో నుంచి వస్తున్నది. ............ ఇంటి దగ్గర గొట్టం కారుతున్నది. తేదీ ............ నుండి ............ మందికి విరేచనాలు అవుతున్నాయి. ట్యాంకు మీద కడిగిన తేదీ ............ అని ఉన్నది.

గొట్టాన్ని కాలువ పైకి మార్పించండి. చివరి ఇంటి నీళ్ళను పరీక్ష చేయించండి. పరీక్షలో ఏం తేలిందో పంచాయతీ బోర్డు మీద అందరూ చదివేలా రాయించండి.

ఇట్లు,
............ వీధి మహిళలు
(సంతకాలు)
తేదీ:

అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర దాచుకోండి. ఎవరూ వేలిముద్ర వేయకండి. సంతకం పెట్టండి.