అక్షరము నేర్చిన యంత్రము

పల్నాటి బొల్లాపల్లిలో బాలుడు ‘జ్ఞా’ అని వ్రాసినచో పలక పగులదు. కాని 2018 ఫిబ్రవరిలో ఆ అక్షరపు రూపమొకటి ఆపిల్ సంస్థవారి ఐఫోనులను తికమకపెట్టెను. ఞ వత్తునకును దీర్ఘమునకును నడుమ కంటికి కానరాని సంకేతమొకటి చేరిన ఆ రూపమును తెరపై చూపబోయి, సందేశముల యాప్‌లు హఠాత్తుగా మూతపడెను. కొన్ని ఫోనులు తమంత తామే ఆగి, మరల మొదలగుచుండెను. వర్ణములను కూర్చి ఒక అక్షరముగా చూపు ప్రోగ్రాములోని దోషమే ఇందులకు కారణము.

ఫిబ్రవరి 19న ఆ సంస్థ ఐఓఎస్ 11.2.6 అను అప్‌డేటును విడుదల చేసెను. దానిని ఎక్కించుకొనిన పిదప అదే అక్షరము వచ్చినను ఫోను నిలకడగా పనిచేసెను. మారినది యంత్రము; అక్షరము మారలేదు.

ఫోనునకు అప్‌డేటు వచ్చినప్పుడు క్రొత్త వింతలను చూచి మురియుటయే చాలదు. మన లిపి సరిగా కనబడుచున్నదో లేదో పరీక్షింపవలెను. దోషమున్నచో తయారుచేసినవారికి తెలుపవలెను. ‘జ్ఞానము’నకు మొదటి అక్షరము ‘జ్ఞా’యే కదా!