మిస్డ్ కాల్‌తో పొగాకుకు చెక్: ఎం-సెసేషన్

ఎం-సెసేషన్: పొగాకు మానాలనుకునే వారికి మొబైల్ సందేశాలతో సాయం చేసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం. ప్రారంభం 2016. మూలం: ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2012లో చేపట్టిన ‘బీ హెల్తీ, బీ మొబైల్’. పరీక్షల్లో ఈ రెండు సంస్థల జోడీపై ప్రశ్నకు ఆస్కారం ఎక్కువ. యునిసెఫ్ అని పొరబడొద్దు.

పనితీరు: 011-22901701కు మిస్డ్ కాల్ ఇస్తే పేరు నమోదవుతుంది, ఆపై ఎస్సెమ్మెస్‌లు వస్తాయి. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ అక్కర్లేదు. కూలి చేసుకునే వారికీ అందుబాటులో ఉండటమే దీని అసలు బలం.

క్విట్‌లైన్ వేరు, కలిపేయొద్దు. ఇది ఫోన్‌లో కౌన్సెలింగ్. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2356. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. 2018 సెప్టెంబరు 1 నుంచి సిగరెట్, గుట్కా ప్యాకెట్లపై బొమ్మ హెచ్చరికతో పాటే ఈ నంబరూ ముద్రిస్తున్నారు. హెచ్చరిక పరిమాణం 85 శాతం (బొమ్మ 60, అక్షరాలు 25).

తెర మీద: ఓటీటీలకూ పొగాకు హెచ్చరిక నిబంధనలు 2023 సెప్టెంబరు 1 నుంచి అమలు. ఆరోగ్య సందేశం కనీసం 30 సెకన్లు, మొదట్లో, మధ్యలో. ఇది తప్పక చదవాలి.

చట్టం: కోట్పా-2003 (సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం). సెక్షన్ 4 బహిరంగ ధూమపానం, 5 ప్రకటనలు, 6 మైనర్లకు అమ్మకం, 7 హెచ్చరికలు. జతపరచండి తరహా ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. రాజ్యాంగంలో ప్రజారోగ్యం: 47వ అధికరణ.

తేదీలు: క్యాన్సర్ దినం ఫిబ్రవరి 4, పొగాకు వ్యతిరేక దినం మే 31, జాతీయ క్యాన్సర్ అవగాహన దినం నవంబరు 7 (మేరీ క్యూరీ జయంతి).