అప్పుల పట్టిక

మన పల్లెలనుండి హైటెక్ సిటీ ఉద్యోగములకు వెళ్లిన బిడ్డలలో కొందరు కార్డు బాకీలలోను ఫోను అప్పులలోను చిక్కుకొని, ‘ఐ.పి. పెట్టవలెనా?’ అని అడుగుచున్నారు. 1920 నాటి దివాలా చట్టమే వారికి నేటికిని వర్తించును. విచారణనాడు న్యాయాధిపతి అప్పులవారి యెదుటనే ప్రశ్నించును. ఆస్తిని మోసముతో దాచినయెడల ఏడాదివరకు ఖైదు.

గనుక ముందుగానే పట్టిక వ్రాసికొందము: బ్యాంకు, యాప్, చిట్టీ, మేనమామగారి చేబదులు. ఈ చేబదులును వ్రాయుటకే మనకు సిగ్గు! పోనీ ఆయనకొక్కరికే పక్షపాతముగా తీర్చుదమన్నను, పిటిషనుకు ముందు మూడు నెలలలో చేసిన అట్టి చెల్లింపు చెల్లదు.

ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలు (2 రాజులు 4) అప్పును చెప్పెను, ఇంట మిగిలిన నూనెకుండనుకూడ చెప్పెను. మన పట్టికలోను బంగారు గొలుసు, ప్రావిడెంట్ ఫండు, ఊరిలోని పది గుంటల పొలము ఉండవలెను.