తూకం చెప్పని బలం

చిరంజీవి మేనల్లుడికి,

టైఫాయిడ్ తగ్గిందనీ, పోయిన బరువు నెల తిరిగేలోగా తెచ్చుకోవాలని మూడు పూటలా కోడికూర, గుడ్లు, ప్రొటీన్ పౌడరు పట్టిస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బాక్సింగులో హెవీవెయిట్ ఆడేవాడికి బరువు తగ్గితే కంగారే. ఆ కంగారులో ఏదన్నా చేసేముందు ఇద్దరి సంగతి విను.

మొదటివాడు అమెరికాకు చెందిన బ్రాక్ లెస్నర్. 2008 నవంబరులో రాండీ కౌచర్‌ను ఓడించి యూఎఫ్‌సీ అనే మిశ్రమ యుద్ధకళల పోటీల్లో హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ విభాగానికి పైహద్దు 265 పౌండ్లు, అంటే దాదాపు 120 కిలోలు. అంతటి మనిషిని మరుసటి ఏడాది చివర్లో కడుపునొప్పి మంచాన పడేసింది. ఆ జబ్బు పేరు డైవర్టిక్యులైటిస్. పెద్దపేగు గోడలో తిత్తుల్లా ఉబ్బిన చోట్లు వాచి, ఒక్కోసారి చీముపడతాయి. కొద్దిరోజుల్లోనే బాగా చిక్కిపోయాడు. మాంసమే ఎక్కువగా తిని ఆకుకూరలూ పీచూ పట్టించుకోలేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. జబ్బుకు అదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, పీచు తగ్గితే ముప్పు పెరుగుతుంది.

2010 జూలైలో షేన్ కార్విన్‌ను ఓడించి తిరిగి నిలబడ్డాడు. కానీ 2011లో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. మే నెలలో ఆపరేషన్ చేసి అడుగు పొడవు పేగు తీసేశారు. ఏడు నెలలకే, డిసెంబరు 30న, ఓవరీమ్ అనే ఫైటర్ ఎదుట బరిలోకి దిగాడు. చూడ్డానికి మళ్ళీ కొండలాగే ఉన్నాడు. మొదటి రౌండులోనే డొక్కలో పడిన తన్నుకు కూలిపోయాడు. ఓటమికి జబ్బే కారణమని నేను తేల్చి చెప్పలేను, ఓవరీమ్ తన్నులు ఎవరికైనా గట్టివే. ఆకారం తిరిగొచ్చినంత మాత్రాన లోపలంతా కుదుటపడిందని నమ్మకూడదనే చెబుతున్నాను.

రెండోవాడు బాక్సర్ మహమ్మద్ అలీ. 1980 అక్టోబరు 2న, 38 ఏళ్ల వయసులో, లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్‌తో తలపడ్డాడు. పెరిగిన ఒళ్ళంతా తగ్గించి 217న్నర పౌండ్లకు దిగాడు. 1974లో ఫోర్‌మన్‌ను కూల్చినప్పటి బరువుకూ దీనికీ తేడా ఒక్క పౌండే. పడుచుతనం తిరిగొచ్చిందని చూసినవాళ్ళు మురిసిపోయారు. అయితే అప్పుడాయన థైరాయిడ్ మందు వాడుతున్నాడు. అది అతిగా పడితే కొవ్వుతోపాటు కండనూ కరిగిస్తుంది, గుండెను పరుగెత్తిస్తుంది, ఒంట్లో వేడి పెంచుతుంది. ఆ రాత్రి అలీ ఒక్క రౌండైనా గెలవలేదు. పదో రౌండు ముగిశాక ఆయన మనుషులే పోటీ ఆపించారు.

ఇక నీ సంగతికి వద్దాం. జ్వరంలో తిండి సహించనప్పుడు శరీరం కండలోని ప్రొటీన్‌ను విరిచి వాడుకుంటుంది, మంచాన పడితే కొత్త కండ కట్టడమూ మందగిస్తుంది. కానీ మొదట తగ్గిన కిలోల్లో చాలావరకు కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం, దాన్ని పట్టుకున్న నీరు. అవి అన్నంతో, నీళ్ళతో త్వరగానే తిరిగొస్తాయి. పోయిన కండ కూడా మొదటిసారి కట్టినంత కాలం తీసుకోదు.

టైఫాయిడ్ చిన్నపేగు చివర పుళ్ళు చేస్తుంది. కాబట్టి డాక్టరు సరేననేదాకా కడుపు బిగపట్టే కసరత్తులు వద్దు. ముందు పెరుగన్నం, పప్పు, ఇడ్లీ, గుడ్డు. అరుగుదల కుదిరాక తోటకూర, బీరకాయ, పళ్ళు పెంచుకో. ప్రొటీన్ కిలో బరువుకు ఒకటిన్నర గ్రాముల పైచిలుకు చాలు, దాన్ని పూటపూటకూ పంచుకో. మొదట నడక, తర్వాత తాడాట, ఆపైన బ్యాగు. స్పారింగ్ అన్నిటికన్నా చివర. పొద్దున్న లేవగానే నాడి చూసుకో, మామూలుకన్నా బాగా ఎక్కువుంటే ఆ పూట విశ్రాంతి.

తూకం మిషన్ దగ్గరికి వారానికోసారి వెళితే చాలు. మూడో రౌండులో కూడా చెయ్యి కిందికి జారకుండా నిలిచిన రోజున నాకు ఉత్తరం రాయి, ఏ పోటీకి పేరివ్వాలో అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మావయ్య